ఏటిగట్టున నిలిపిన కెమెరా

కోనసీమలో కొండ లేదు. గౌతమికిని వసిష్ఠకును నడుమ చిక్కి, మధ్యలో వైనతేయచేత మరల చీలి, దక్షిణమున సముద్రము హద్దుగా గల ఈ ముక్కోణపు లంకనేలలో, కొత్తపేటనుండి అమలాపురమునకును, అమలాపురమునుండి రాజోలు మీదుగా అంతర్వేదికిని ఎంతదూరము నడచినను, మనిషి నాలుగడుగులు పైకెక్కి చుట్టుప్రక్కల కలయజూచుటకు వీలైన చోటు ఏటిగట్టు తప్ప మరియొకటి అరుదు. అందుచేతనే, కొండదారులలో రాత్రివేళ కెమెరాను ముక్కాలి స్టాండుపై నిలిపి, షట్టరును నిమిషములకొలది తెరచియుంచి, దీపములు చేతబట్టి నడచు బాటసారుల జాడను ఒకే వెలుగుగీతగా పట్టు ఛాయాచిత్రములను చూచిన మన ప్రాంతపు యువకులు, ఆ విద్య తమ ఊరికి పనికిరాదనుకొని, సెలవు దొరకినప్పుడెల్ల మారేడుమిల్లికో పాపికొండలకో పరుగిడుచుందురు.

ఆంధ్రదేశమున అట్టి దారులకు లోటు లేదు. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు మొదలై పౌర్ణమికి ముగియు సింహాచల గిరిప్రదక్షిణమున 32 కిలోమీటర్ల పొడవున జనము రాత్రియెల్ల నడచుచునే యుండును. అలిపిరినుండి తిరుమలకు పోవు 3,550 మెట్ల దారి, చీకటి పడినపిమ్మట దిగువనుండి చూచువారికి కొండ ఒంటిమీద వెలుగుపట్టెగా కానవచ్చును. పోవలదని ఎవ్వరును అనరు. అయితే ఈ కళకు ఎత్తు ఆభరణమే గాని, ప్రాణము చీకటి. ఆ చీకటి ఏ తిథినాడు ఎంతసేపుండునో, గాలి ఏ వేళకు అణగునో, పోటు ఏ గడియకు రేవుమెట్లనెక్కునో ఎరిగినవాడు తన ఊరి గట్టున తీసిన చిత్రము, ఎరుగని కొండపై ఒకరాత్రి విడిది చేసినవాడు తీసిన చిత్రముకంటె మేలుగా నుండునని నా నమ్మకము.

దీని మూలసూత్రము సులభమైనది. మన కన్ను క్షణక్షణము చూచినదానిని విడిచి క్రొత్తదానిని గ్రహించుచుండును. చీకటికి అలవాటుపడిన తరువాత ఎంతసేపు రెప్పవాల్చక చూచినను, కనబడినంతయే కనబడును. ఫిల్ము గాని, నేటి కెమెరాలలోని సెన్సారు గాని, తనపై బడిన వెలుగును షట్టరు మూసినదాక కూడబెట్టుచునే యుండును. పున్నమి వెన్నెల మధ్యాహ్నపుటెండలో ఇంచుమించు నాలుగు లక్షలవ వంతు. ఎండలో సెకనులో 125వ వంతు కాలము షట్టరు తెరచిన చాలునన్న దృశ్యమునకు, తక్కిన అమరికలన్నియు అట్లేయుంచినచో, వెన్నెలలో 3,200 సెకన్లు, అనగా సుమారు 53 నిమిషములు తెరచియుంచవలెను. అంతసేపు తీసిన వెన్నెలచిత్రమును చేతికిచ్చినచో చూచినవారు మొదట పగటిచిత్రమనియే భ్రమింతురు; ఆకాశము నీలముగనే యుండును, వరిచేను పచ్చగనే యుండును; చంద్రుడు ఆ గంటలో జరిగిన దూరమువలన నీడల అంచులు చెరిగియుండుటయు, నీలాకాశమున చుక్కలు గీతలై సాగియుండుటయు గమనించినప్పుడు గాని అది రాత్రియని తెలియదు. వాడుకలో నెవ్వరును అంతసేపు వేచియుండరు. కటకపు ద్వారమును, అనగా ఎపర్చరును, పెద్దదిగా తెరచి, ఐఎస్ఓ అను సున్నితత్వపు అంకెను పెంచి, ఆ కాలమును పదిహేను ముప్పది సెకన్లకు కుదించుకొందురు. నేటి సెల్‌ఫోనులలోని నైట్‌మోడు సైతము, క్షణకాలపు బొమ్మలను అనేకముగా తీసి, చేతివణకును సవరించి, ఒకదానిపై నొకటి పేర్చి ఈ కూడబెట్టు పనినే చేయుచున్నది.

కూడబెట్టుటలో ఒక విచిత్రము కలదు. 1838లో ఫ్రాన్సుదేశీయుడు లూయీ దాగేర్ పారిస్ నగరములోని ఒక పెద్దవీథిని పగటివేళ మేడపైనుండి తన పలకపై పట్టినప్పుడు, జనముతోను బండ్లతోను నిండియుండవలసిన ఆ వీథి నిర్జనమై కన్పించెను. పలకకు నిమిషములకొలది వెలుగు సోకవలసియుండుటచేత, కదలిన వారందరును జాడలేక పోయిరి. ఒకచోట కదలక నిలిచి బూట్లకు మెరుగుపెట్టించుకొనుచుండిన ఒక్క మనిషి మాత్రము నిలిచెను. ఛాయాచిత్రమున మానవరూపము కనబడుట అదియే మొదటిసారియని చరిత్రకారులు చెప్పుదురు. రాత్రిచిత్రమునకు ఈ న్యాయమునకే మరియొక ముక్క చేర్చుకొనవలెను: కదలునది మాయమగును, నిలిచినది నిలుచును, వెలుగుచు కదలునది గీతయగును.

ఈ మూడవ ముక్కను కన్నులార చూడగోరువారు ఏదైనను ఒక రొయ్యలచెరువు గట్టుకు పోవలెను. గడచిన కొన్ని దశాబ్దములలో కోనసీమ వరిచేలు పలుచోట్ల రొయ్యలచెరువులుగా మారినవి. ఆ మార్పు మంచిచెడ్డలు వేరొక వ్యాసమునకు తగినవి. రాత్రివేళ కాపలాదారు టార్చిలైటు చేతబట్టి గట్టు చుట్టివచ్చును, చెక్‌ట్రే పైకెత్తి మేత మిగిలెనో లేదో చూచును, ఏరియేటరు తిరుగుచున్నదా యని చెవియొగ్గును. చెరువునకు ఒకమూల కెమెరాను నిలిపి నాలుగైదు నిమిషములు షట్టరు తెరచియుంచినచో, ఆ చిత్రమున కాపలాదారు ఉండడు. ఆయన టార్చి మాత్రము తొడయెత్తున ఊగుచు సాగిన సన్నని గీతయై, చెక్‌ట్రే యెత్తినచోట చిక్కని వెలుగుముద్దయై, మరల పలుచనై, మూలకడ వంకర తిరిగి, చెరువును చతురస్రముగా చుట్టివచ్చును. ఆ గీత తిన్ననిది కాదు. అడుగుకొక అల చొప్పున లేచి పడుచుండును. ఎచ్చట తొందరపడెనో అచ్చట అలలు దూరదూరముగా నుండును. ఎచ్చట తడిమట్టికి కాలుజారి నిలద్రొక్కుకొనెనో అచ్చట గీత ఒక్కసారి నేలకు వ్రాలి లేచియుండును. ఏరియేటరు చక్రములు చిమ్మిన నీరు పొగమంచుగా మారును. నడచిన మనిషి ముఖము లేకున్నను అతని నడక అంతయు అందులో వ్రాయబడియుండును. కొండలపై నూరుమంది యాత్రికులు వరుసగా నడచిన చిత్రము వైభవముగా నుండుననుట నిజమే. పని చేసికొనుచున్న ఒక్క మనిషి గీతయందలి చదువదగిన వివరము దానియందుండదు.

ఇక ఆకాశము సంగతి. భూభ్రమణమువలన నక్షత్రములన్నియు ఉత్తరమున ధ్రువబిందువు చుట్టును తిరుగునట్లు తోచును. గంటకు 15 డిగ్రీలు; మన పంచాంగము లెక్కకు దిగినచో గడియకు 6 డిగ్రీలు. కెమెరాను కదలకుండ ఒక గంటసేపు నిలిపినచో ప్రతినక్షత్రమును అంత చాపముగా చిత్రమున సాగును. ధ్రువుడు ఏ ఊరివారికి దిగంతమునుండి ఎంతయెత్తున కనబడునో, అది ఆ ఊరి అక్షాంశమునకు ఇంచుమించు సమానము. అమలాపురము సుమారు 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. చేయి చాచి పిడికిలి బిగించి చూచినచో దాని వెడల్పు పది డిగ్రీలు. కనుక మనకు ధ్రువుడు పిడికిలిన్నర ఎత్తున మాత్రమే యుండును. హిమాలయప్రాంతమువారికి అతడు మూడు పిడికిళ్ల ఎత్తునకు పైన నుండుటచేత, చిత్రమున ఆకాశము ఎక్కువై నేలకు చోటు తగ్గును. ఇక్కడ నట్టి చిక్కు లేదు. పదునెనిమిది మీటర్ల కొబ్బరిచెట్టుకు దక్షిణముగా అరువది మీటర్ల దూరమున నిలిచి ఉత్తరమునకు తిరిగినచో, ధ్రువుడు దాదాపుగా దాని మొవ్వుకడనే నిలుచును. సప్తర్షులు మొదలుగా తక్కిన తారలన్నియు ఆ మొవ్వునే ఇరుసుగా జేసికొని వలయములై వంగును. కదలనివాడని పురాణములు కీర్తించిన ధ్రువుడు సైతము, నిజమైన ధ్రువబిందువునకు ముక్కాలు డిగ్రీకి లోపు దూరమున నుండుటచేత, చిత్రమున చిన్నగీత యగుట చూచి నవ్వుకొనవచ్చును. గాలిలేని రాత్రి కావలెను సుమా. గాలి వీచినచో మాను నిలిచినను మట్టలు చెదరిపోయి చెట్టు తలలేనిదగును.

నక్షత్రముల వెలుగును పలకపై దీర్ఘకాలము సోకించు ఈ విద్యతో తెలుగునేలకు పాతసంబంధమే కలదు. 1850 జూలై 17వ తేదీ రాత్రి అమెరికాలోని హార్వర్డు వేధశాలలో విలియం బాండ్, జాన్ విపుల్ అనువారు అభిజిత్తు నక్షత్రమును 100 సెకన్లు పలకపై నిలిపిరి. సూర్యుని మినహాయించినచో ఒక నక్షత్రము ఛాయాచిత్రమునకు చిక్కుట అదే ప్రథమము. 1880లో హెన్రీ డ్రేపర్ ఒరయన్ నీహారికను 51 నిమిషములు తీసెను. ఏడేండ్లకు పారిస్ నగరమున సమావేశమైన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు, ఆకాశమునంతటిని వేధశాలలకు పాళ్లుగా పంచి, ఛాయాచిత్రముల మూలమున నక్షత్రపట్టికను సిద్ధపరుప సంకల్పించిరి. ఆ మహాకార్యమున ఒక పాలు మన హైదరాబాదు నిజామియా వేధశాల వంతునకు వచ్చెను. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండయందు స్వంతముగా స్థాపించిన ఆ వేధశాల, 1908లో నిజాం ప్రభుత్వము క్రిందికి వచ్చి, పిమ్మట బేగంపేటకు మారెను. అచ్చట 8 అంగుళముల కుక్ దూరదర్శినితో ఖగోళ దక్షిణభాగమున 17 నుండి 23 డిగ్రీల వరకును, తరువాత ఉత్తరభాగమున 36 నుండి 39 డిగ్రీల వరకును గల పట్టీలను గాజుపలకలపై పట్టిరి. రాబర్ట్ పోకాక్ దొరకాలమున ఊపందుకొనిన ఆ పని టి.పి. భాస్కరన్‌గారి సుదీర్ఘ నాయకత్వమున సాగి, పండ్రెండు సంపుటముల పట్టికయై ముగిసెను.

అక్కడి పద్ధతికిని గట్టుమీది పద్ధతికిని ఒక భేదము కలదు. నక్షత్రము గీత కాక చుక్కగా పడిననే గదా స్థానమును కొలుచుట! కావున దూరదర్శిని గడియారపు యంత్రముచేత ఆకాశముతోపాటు తిరుగుచుండవలెను; దానికి తోడుగా అమర్చిన రెండవ గొట్టమునకు కన్నానించిన పరిశీలకుడు ఒక తారను సన్నని తీగల కూడలియందు తప్పిపోకుండ సవరించుచు, పలకకు వెలుగు సోకినంతసేపును కూర్చుండవలెను. చలిరాత్రులలో మెడ పట్టునట్లు చేసిన ఆ సేవకు ఫలము లక్షలకొలది చుక్కల స్థానములు. నేడు ట్రాకరు అను చిన్నయంత్రము అరచేతంత పెట్టెలో ఆ పనిని చేయుచున్నది. దానిని కొని తెచ్చుకొనిన మన యువకులలో బేగంపేట పేరు విన్నవారెందరో!

రాత్రిచిత్రకారునకు కెమెరా సంచిలో ముందుగా నుండదగినది పంచాంగము. సప్తమి అష్టములనాడు చంద్రబింబము సగముండును గదా, వెలుగును సగముండునని తలచుట పొరపాటు. పున్నమి వెలుగులో అది పదవవంతు మాత్రమే. పున్నమి దాటిన తరువాత చంద్రోదయము దినమునకు రమారమి రెండు గడియలు వెనుకబడును. బహుళ పంచమినాడు రాత్రి పదిగంటల ప్రాంతమునకు గాని చంద్రుడు రాడు. అంతవరకు చీకటిలో చుక్కలను పట్టి, అతడు తూర్పున కొబ్బరితోపులపైకి వచ్చిన వెంటనే అదే చోట నిలిచి అదే గట్టును వెన్నెలలో పట్టవచ్చును. శుద్ధ చవితి పంచములనాడు దీనికి తారుమారు. తెలుగువారికి వెన్నెల యనగనే 1957 నాటి 'మాయాబజార్' చిత్రమున మార్కస్ బార్ట్లే చూపిన వెన్నెల జ్ఞప్తికి వచ్చును. సెకనుకు 24 బొమ్మల వేగమున నిజమైన వెన్నెలను గ్రహించు శక్తి ఆనాటి ఫిల్మునకు లేదు. అది ఆ మహానుభావుని కల్పన. కల్పన లేని వెన్నెలను, ఉన్నది ఉన్నట్లుగా పట్టు సౌలభ్యము మనకాలమున సామాన్యునకు లభించినది.

అమావాస్యకు అంతర్వేది తీరమునకు సాటిలేదు. అక్కడ సముద్రము దక్షిణమున నుండుటచేత, ఆ దిక్కున ఊళ్లు లేవు, వీథిదీపములు లేవు. ఉన్నవి చేపలపడవల దీపములు, దూరపు ఓడల మినుకులు మాత్రమే. మాఘమాసపు రాత్రులలో అగస్త్యనక్షత్రము దిగంతమునుండి రెండు పిడికిళ్ల ఎత్తునకు వచ్చి, దక్షిణమున ఆ దిగువ ఆకాశములోని తారలన్నిటికంటె ప్రకాశించుచుండును. ఉత్తరమున ధ్రువుని చుట్టును పూర్ణవలయములు ఏర్పడగా, దక్షిణమున కేంద్రము సముద్రము క్రింద 16½ డిగ్రీల లోతున దాగియుండుటచేత, తారలన్నియు నీటిలోనుండి లేచి, పొట్టివిల్లులై వంగి, నీటిలోనికే దిగిపోవును. పాలపుంత నడిభాగము, అనగా వృశ్చిక ధనూరాశుల దిక్కు, చైత్ర వైశాఖములలో అర్ధరాత్రి వేళకు ఆగ్నేయమున లేచి, తెల్లవారకముందే ఆకాశమున సగమెత్తునకు వచ్చును. ఆషాఢ శ్రావణములలో అది సాయంకాలమే కనబడవలసినది గాని, ఆ నెలలలో కోనసీమ ఆకాశము మేఘములసొత్తు. చుక్కలు గీతలు కాకుండవలెనన్నచో 500ను కటకపు నాభ్యంతరముతో భాగించగా వచ్చిన సెకన్లకు మించరాదు. 20 మిల్లీమీటర్ల కటకమునకు 25 సెకన్లు. ఎపర్చరు 2.8, ఐఎస్ఓ 3,200 తో మొదలుపెట్టి చూచినది చూచి సవరించుకొనవలెను. ఇంటికివచ్చి కంప్యూటరున ఆ పాలపుంతకు ఊదారంగును నీలమును పులిమి, బట్టకు నీలిమందు ఎక్కువైనట్లు చేయువారున్నారు. అది వారి యిష్టము, చూడలేకపోవుట మన యిష్టము.

కోనసీమ గాలిలోని తేమ ఈ పనికి మొదటి శత్రువు. మార్గశిర పుష్యమాసములలో కెమెరాను తెరచిన అరగంటకే కటకముపై మంచు కమ్మి చుక్కలన్నియు మసకబారును. కటకము చుట్టును పొడిగుడ్డ చుట్టుట, మధ్యమధ్య టార్చి వేయక వ్రేలితో అంచు తడిమి చూచుట మంచిది. సముద్రతీరమున ఉప్పుతుంపర దీనికి తోడగును. తడియిసుకలో స్టాండు కాళ్లు షట్టరు తెరచియున్నప్పుడే మెల్లగా దిగబడును. కాళ్లక్రింద చెక్కముక్కలు వేసికొనవలెను. కెమెరాలో వణకును సవరించు అమరిక నుండినచో, స్టాండుమీద నున్నంతసేపు దానిని ఆపివేయవలెను. గట్టుపొదలలో కట్లపాములును రక్తపింజరులును తిరుగును. మోకాలివరకు బూట్లు, తోడుగా మరియొక మనిషి ఉండితీరవలెను. చెరువులవద్ద రాత్రివేళ క్రొత్తముఖము దొంగముఖమే. కాపలాదారుకు పగలే కనబడి చెప్పిరావలెను. ఏటిమొగలో పోటు తెలియక ఇసుకతిన్నెపై నిలుచుట ప్రాణాపాయము.

నదిపై తీయదలచినవారికి పంటు ఉన్నది. సఖినేటిపల్లి నుండి నరసాపురమునకును, ముక్తేశ్వరము నుండి కోటిపల్లికిని మనుష్యులను మోటారుసైకిళ్లను దాటించు పంటు, చీకటిపడిన తరువాత ముప్పది సెకన్ల చిత్రమున పారదర్శకమై, ఆవలియొడ్డు దీపములు దాని గుండ కనబడును; దాని దీపములు మాత్రము నీటిపై సన్నని వణకుగీతలను లాగును. నది అలలన్నియు ఆ సెకన్లలో సర్దుకొని నునుపుతేరును. దిండి చించినాడ వంతెనపై 216వ జాతీయరహదారి వాహనములు ఎఱ్ఱని తెల్లని ధారలుగా సాగును. ఇది తేలికగా వచ్చుచిత్రము, అందుచేతనే అందరును తీసిన చిత్రము. కార్తికమాసమున తెల్లవారుజామున కాలువరేవులలో స్త్రీలు అరటిదొప్పలలో విడిచిన దీపములు దీనికంటె ఎంతయో మిన్న. ప్రవాహముతో సాగిన దీపము దారమై సాగును, మెట్లకు తట్టుకొని నిలిచినది చుక్కయై నిలుచును, నడుమ ఆరినది దారము తెగినట్లు తెగును.

చీకటి తరుగని వస్తువేమియు కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురుసంస్థ త్రవ్విన బావి ప్రేలి మంట లేచినప్పుడు, అది ఆరువరకు, అనగా రెండు నెలలకు పైగా, చుట్టుప్రక్కల ఊళ్లకు రాత్రి వచ్చుట మానినదని పెద్దలు నేటికిని చెప్పుకొందురు. అది విపత్తు, ఆరిపోయినది. ఆరనివి వేరే యున్నవి. ఊరూర వెలసిన తెల్లని ఎల్ఈడీ దీపములలో పలువాటి వెలుగు నేలకంటె ఆకాశమునకే ఎక్కువ పోవుచున్నది. పట్టణములపైని ఆకాశము బూడిదరంగు తిరుగుచున్నది. దీనివలన నష్టపోవువారు ఛాయాచిత్రకారులొక్కరే యైనచో ఎవ్వరును పట్టించుకొననక్కరలేదు. ఈ తీరమునకు శీతకాలము మొదలుకొని ఆలివ్ రిడ్లీ జాతి సముద్రపుతాబేళ్లు గ్రుడ్లుపెట్ట వచ్చును. ఇసుకలో ఏడెనిమిది వారములకు పొదిగిన పిల్లలు రాత్రివేళ వెలికివచ్చి, కడలిపైని ఆకాశపు లేతవెలుగును గురుతుగా జేసికొని నీటివైపు పాకును. ఒడ్డున దీపమున్నచో దానివైపు పాకి, తెల్లవారునప్పటికి కుక్కలకును కాకులకును ఆహారమగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వానిని మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడుచున్నది. దీపపు మీట మాత్రము మన చేతిలోనున్నది.

కావున తీరగ్రామముల పంచాయతీలు పుష్యము నుండి చైత్రము వరకైనను సముద్రమునకు ఎదురుగానున్న దీపములకు పైకప్పులు వేయించి వెలుగును నేలకు దింపవలెను. నడిరేయి దాటిన తరువాత ఆర్పివేసినను ఎవ్వరికిని లోటు రాదు. ఆ నెలలలో అంతర్వేది ఓడలరేవు తీరములకు కెమెరాలతో పోవు మిత్రులు టార్చిపై ఎఱ్ఱనిగుడ్డ కట్టుకొనవలెను, ఇసుకపై తాబేటిజాడ కనబడినచోట స్టాండు వేయక ప్రక్కకు తొలగవలెను, ఫ్లాషు మాత్రము ఎట్టి పరిస్థితులలోను వేయరాదు.